ఆఖరున పిలిచే పేరు

ఇంకా 'క' దగ్గరే ఉన్నారు. సభ కార్యదర్శి ఒక పేరు చదవడం, ఆ పేరు గలాయన లేచి మైకు ముందు ఒక్క మాట చెప్పి కూర్చోవడం, మళ్ళీ ఇంకో పేరు. ఆమోదిస్తున్నాను, ఆమోదించడం లేదు, తటస్థం, ఈ మూడింటిలో ఏదో ఒకటి. ప్రధానమంత్రిని ఎన్నుకునే రోజున మీట నొక్కి తప్పించుకోవడాలు ఉండవు, దేశమంతా టీవీలో చూస్తుండగా నోరు తెరిచి చెప్పాల్సిందే. హియాంగ్ పేరు అక్షరమాలలో అట్టడుగు అక్షరంతో మొదలవుతుంది. చిన్నప్పుడు బళ్ళో టీకాలు వేసేటప్పుడు ఆమె వంతు వచ్చేసరికి సూది మొద్దుబారిపోయేది, పాలపొడి పంచేటప్పుడు డబ్బా అడుగు గీకి పెట్టేవాళ్ళు. అరవై దాటి, ఎంపీ అయి, పట్టు ఉత్తరీయం వేసుకుని బ్యాంకాక్‌లో ఇంత పెద్ద సభలో కూర్చున్నా ఆ రాత మారలేదు. "నీ వంతు వచ్చేసరికి స్వర్గంల సుత సాపలు సుట్టి పెడ్తరు సూడు" అని మొగుడు ఆటపట్టించేవాడు. పాపం ఆయనే ముందు వెళ్ళిపోయాడు, చాపలు పరిచే ఉన్నాయో లేదో మరి. ఆఖరున ఉండటంలో ఒక సుఖం ఉందని ఆమె ఎప్పుడూ అనుకునేది, ముందువాళ్ళు ఏం చేశారో చూసి మనం చేయవచ్చు అని. ఇవాళ మాత్రం ఆ సుఖం లేదు, ముందే పిలిచేసి ఉంటే ఏదో ఒకటి అనేసి ఈపాటికి ఏడ్చేసి ఉండేది.

సభలో చలి. ఈ ఏసీ ఎవరికోసం పెడతారో గానీ ఊరి ఆడవాళ్ళ కోసమైతే కాదు. ఉత్తరీయాన్ని భుజాల చుట్టూ లాక్కుంటే మణికట్టు మీది తెల్ల దారాలు కనిపించాయి. గెలిచిన రోజున ఊరంతా ఆమెను చాప మీద కూర్చోబెట్టి, ప్రాణం చెదిరిపోకుండా ఒంట్లోనే నిలవాలని దీవిస్తూ తలా ఒక పోగు కట్టారు. ఆ దారాల్ని కత్తెరతో కోయకూడదు, ముడి విప్పుకోవాలి, లేదంటే వాటంతటవే చివికి రాలిపోవాలి. చాలామటుకు రాలిపోయాయి. బున్‌లోమ్ కట్టింది మాత్రం రాలలేదు. సంతలో కోళ్ళు కాల్చి అమ్మే మనిషి, వెదురు బద్దల మధ్య కోడిని ఇరికించి బిగించే చేతులు అవి, ఆ ముడి ఊడటం అంత సులువా. ఆ బున్‌లోమ్ పొయ్యి పక్కన నిలబడే, తన నియోజకవర్గం యసోథోన్ సంతలో, ఎన్నికల ప్రచారం మైకు పట్టుకుని హియాంగ్ ఆ మాట అన్నది. "గా తుపాకులోళ్ళతోని నేను ఒక్క సాప మీద గూసోను. గూసుంటే ఈ సంతల నాకెవ్వలు ముద్ద బువ్వ అమ్మకుండ్రి." పార్టీ పంపిన ప్రసంగంలో ఆ మాట లేదు. ఆమే అన్నది, తనంతట తనే. సంత సంతంతా ఈలలు వేసింది, ఎవరో గిన్నెల మీద గరిటెలతో మోత మోగించారు, బున్‌లోమ్ మాత్రం పొగలోంచి ఆమె వంక చూసి కోడిని రెండో వైపుకి తిప్పింది. జనం చప్పట్లు కొట్టే మాట నోటికి తియ్యగా వస్తుంది. ఆ తీపి ఎంత బాగుందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. ఓట్లు చాలక ఇవాళ పార్టీ ఆ తుపాకులోళ్ళనే కలుపుకుని ప్రభుత్వం కడుతోంది.

'చ' వచ్చింది. సభ మొదలయ్యే ముందు బున్‌లోమే ఫోన్ చేసింది. "టీవీల యాడ గూసున్నవే అక్కా, కనబడ్తలేవు?" అంటే, "ఎనకాల, ఎప్పట్లెక్కనే" అన్నది హియాంగ్. "మంచిగ తిన్నవా? గా పట్నపోళ్ళు బొప్పాయి కారంల సుత చక్కెర పోస్తరు, నీ కడుపు ఖరాబైతది." ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు అయిపోయాక ఫోన్లో బొగ్గులు చిటపటలాడటం వినిపించింది. "అందరొచ్చి నా పొయ్యి కాడనే గూసున్నరు. నీ పేరు ఆఖర్న గద, గప్పటిదాంక నాకు బేరం మంచిగుంటది." "బున్‌లోమ్, పార్టీ ఏమన్నదంటే..." "నేను అడగలే గద అక్కా. చెప్పింది నువ్వే, యాదికుంచుకునేది నువ్వే. కోడి మాడ్తున్నది, పెట్టేస్తున్న." ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేది. తిట్టినవాళ్ళకి జవాబు చెప్పుకోవచ్చు, కోపం తెచ్చుకోవచ్చు, నీకేం తెలుసే రాజకీయాలు అనవచ్చు. కోడి మాడుతోందన్న మనిషికి ఏం చెబుతాం.

త, థ. థనిత్ పేరు పిలిచారు. పార్టీ ఓట్లు చెదరకుండా చూసుకునే పని అతనిది, బ్యాంకాక్ పిల్లవాడు, ఆమె కొడుకు వయసు ఉంటుంది. చకచకా లేచి ఆమోదిస్తున్నానని చెప్పేసి, కూర్చోకుండా వెనక వరసల వైపు వచ్చాడు. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద వంగి కూర్చున్నాడు, పెద్దవాళ్ళ తల కంటే తన తల ఎత్తుగా ఉండకూడదని. ఆ మర్యాద చూస్తే ఆమెకి ఎప్పుడూ మనసు కరుగుతుంది, అది వాడికి తెలుసు. "పెద్దమ్మా, నీళ్ళు తాగారా?" అన్నాడు. "తాగాను నాయనా." "రైలు మీద ట్యాంకులు పోతున్న ఫొటోలు చూశారుగా." "విన్యాసాలంట గదా." "పోయినసారీ విన్యాసాలే అన్నారు పెద్దమ్మా. ఇవాళ మనకి ఓట్లు చాలకపోతే రేపు పొద్దున టీవీలో ఏం వస్తుందో మీకు నేను చెప్పాలా? మీరు చూడనివా." "నాది ఒక్కటే గదయ్యా, అదీ ఆఖర్ది." "లెక్క ఆఖరి వాళ్ళ దగ్గరే తేలుతుంది. అందుకే మీ దగ్గరికి వచ్చాను." రెండు చేతులు జోడించి మొహానికి ఆనించి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె మణికట్టు దారాన్ని ఉత్తరీయం కిందకి తోసుకుంది.

రేపు పొద్దున టీవీలో ఏం వస్తుందో ఆమెకి నిజంగానే ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు పాటలొస్తాయి. మాటలేవీ ఉండవు, సీరియల్ మధ్యలో ఆగిపోయి దేశభక్తి పాటలు, తెర మీద సైన్యం ముద్రలు. పాటలు రాగానే ఆడవాళ్ళు చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టుకి పరిగెత్తి నూడుల్స్ పొట్లాలు కొంటారు. ఆ తర్వాత నలుగురైదుగురు యూనిఫాంలో వరసగా కూర్చుని కనిపిస్తారు, మధ్యలో ఉన్నాయన ప్రజలు ప్రశాంతంగా ఉండాలని చదువుతాడు. సైన్యం గద్దె ఎక్కిన ప్రతిసారీ ఇదే వరస. మొదటిసారి బళ్ళో ఉంది, పంతులమ్మ ఇళ్ళకి పొమ్మంటే సెలవొచ్చిందని గంతులేసింది. ఇంకోసారి పట్నంలో జనం ట్యాంకుల దగ్గరికి వెళ్ళి సిపాయిలకి పూలిచ్చి ఫొటోలు దిగారు, అది చూసి ఇంటిల్లిపాదీ అన్నం మానేసి పడుకున్నారు. ఆ తర్వాతి సారి ఆమె కోసమే జీపు వచ్చింది. మనసు సరిచేయడం అనేవాళ్ళు దాన్ని. కొట్టలేదు, తిట్టలేదు. శిబిరంలో మంచి గది, తెల్లటి దుప్పట్లు, చల్లటి గాలి. కర్నల్ విరోట్ అని ఒకాయన రోజూ కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చుని అమ్మా అని పిలిచేవాడు. "అమ్మా, మీరు గొడవలు మానేస్తే ఊరికీ మంచిది, మీ మోకాళ్ళకీ మంచిది" అనేవాడు. ఆమెకి పట్నం అన్నం సయించడం లేదని గమనించి ఎక్కడినుంచో ఆమె ఊరి వైపు తినే బంక అన్నం తెప్పించాడు, వెదురు బుట్టలో, వేడివేడిగా. ఆమె తిన్నది. ఒక ముద్దా రెండు ముద్దలా, బుట్ట అడుగు కనిపించేదాకా, వేళ్ళు నాక్కుంటూ తిన్నది. బయట తనలాంటి వాళ్ళు ఎక్కడెక్కడ దాక్కున్నారో, ఎంతమంది సరిహద్దు దాటారో తెలియదు, తనకి మాత్రం ఆ అన్నం అమృతంలా ఉంది. ఊరికి వచ్చాక శిబిరం గురించి అందరికీ చెప్పింది గానీ ఆ అన్నం సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

ఇప్పుడా విరోట్ కర్నల్ కాదు. ఉద్యోగం వదిలి, సూటు తొడుక్కుని, సిపాయిల పార్టీ తరఫున ఆమెకి మూడు వరసల ముందు కూర్చున్నాడు. ఇవాళ్టి నుంచి మిత్రపక్షం. లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గరే ఎదురుపడ్డాడు. "అమ్మా, నన్ను గుర్తుపట్టారా? మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని జేబులోంచి కర్పూరం వాసన పీల్చే చిన్న గొట్టం తీసి చేతిలో పెట్టాడు, సభలో గాలి మంచిది కాదు, తల తిరిగితే పీల్చండి అంటూ. అందులో వెటకారం ఏమైనా ఉందేమోనని మొహమంతా వెతికింది. లేదు. నిజంగానే ఆమె మోకాళ్ళు గుర్తున్నాయి ఆయనకి. దుర్మార్గులు దుర్మార్గుల్లా ఉంటే ఈ దేశంలో ఆడదాని బతుకు ఎంత తేలికయ్యేదో.

న, ప. సాకులేవీ తెచ్చుకోకుండా ఒక్క మాట ఒప్పుకోవాలంటే, ఆమెకి పార్టీ అంటే ప్రేమ. పదవి కోసమో, పెద్దవాళ్ళ మెప్పు కోసమో కాదు. పార్టీ ఆస్పత్రి కార్డు ఇవ్వకముందు వాళ్ళమ్మకి శుక్లాలు కమ్మి రెండు కళ్ళూ పోయాయి, గోడ తడుముకుంటూ తిరిగేది. కార్డు వచ్చాక ఆపరేషన్ చేయించుకుని, కట్టు విప్పగానే హియాంగ్ మొహం పట్టుకుని చూసి, "ఇంత ముసల్దానివి అయిపోయినవేందే బిడ్డా" అన్నది. ఆ రోజే ఈ మనిషి పార్టీకి అమ్ముడుపోయింది, ఇంకెవరూ కొనలేరు. ఆ పార్టీని కోర్టు రద్దు చేస్తే సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది. కొత్త పేరుతో పెట్టారు, దాన్నీ రద్దు చేశారు, మళ్ళీ పెట్టారు. ఊళ్ళో ఎవరూ ఆ పేర్లు గుర్తు పెట్టుకోలేదు, పార్టీ అంటే పార్టీయే. ప్రతిసారీ బోర్డు మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాసింది బున్‌లోమ్ కొడుకే. పుట్టినప్పుడు నోరు పెద్దదని వాడికి కప్ప అనే అర్థం వచ్చే కోప్ అని ముద్దుపేరు పెట్టారు, అసలు పేరు పంతుళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. నిచ్చెన మీద నిలబడి, ఎర్రరంగు బుర్రకి పూసుకుంటూ, "పెద్దమ్మా, ఈసారన్న జర చిన్న పేరు పెట్టుమని చెప్పరాదు, చెయ్యి గుంజుతున్నది" అనేవాడు. ఆమె కింద నిలబడి నిచ్చెన పట్టుకునేది. ఎంత పొగరుగా నవ్వేవాడు, ఎంత గట్టిగా పాడేవాడు.

బస్సు మాట్లాడింది ఆమే. పట్నంలో కూడలి దగ్గర మన పార్టీ ఎర్ర చొక్కాల వాళ్ళందరూ ధర్నాకి కూర్చుంటున్నారు, మనూరి నుంచి ఒక బస్సన్నా పోకపోతే మొహం ఎక్కడ పెట్టుకుంటాం అని ఇల్లిల్లూ తిరిగింది. పాటలుంటాయి, వేదిక ఉంటుంది, తిరునాళ్ళలా ఉంటుంది, నాలుగు రోజులు ఉండి వచ్చేద్దాం అన్నది. కోప్ కిటికీ పక్క సీటు కావాలని పోట్లాడి మరీ కూర్చున్నాడు. అన్నం బుట్ట వాడి ఒళ్ళోనే ఉంది, దారి పొడుగునా అందరికీ ముద్దలు పంచాడు. నాలుగు రోజులు కాస్తా వారాలు అయ్యాయి, వానలు మొదలయ్యాయి, టైర్లు కాలే వాసన ఒంటికి పట్టింది. సిపాయిలు కూడలిని చుట్టుముట్టిన రోజున వాడు నీళ్ళ సీసాలు తెస్తానని వెళ్ళాడు. ఎవరు కాల్చారో, ఎక్కడినుంచి కాల్చారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు, ఎవరిపైనా కేసు నిలబడలేదు. ఆమె ఆ రోజు వాడిని వద్దురా అనలేదు. నాకూ ఒకటి తెమ్మన్నది. శవంతో ఊరికి తిరిగి వచ్చినప్పుడు బున్‌లోమ్ కాళ్ళ మీద పడబోతే ఆ మనిషి పట్టుకుని ఆపి, "నువ్వు తీస్కపోలే అక్కా, వాడే ఎక్కిండు" అన్నది. అంతకు మించి ఒక్క మాట లేదు, ఆ రోజూ లేదు, ఆ తర్వాతా లేదు. అందుకేనేమో ఎన్నికలప్పుడు సంతలో ఆ పొయ్యి పక్కన నిలబడగానే హియాంగ్ నోటికి అంత పెద్ద మాట వచ్చింది, ఎవరూ అడగని మాట. బున్‌లోమ్‌కి ఇవ్వగలిగింది ఇంకేమీ లేదు, మాట ఒక్కటే ఉంది.

మ, య, ర. పార్టీ తీర్మానం దాటి ఓటేసే వాడిని ఇక్కడ తాచుపాము అంటారు. పాలు పోసి పెంచిన చేతినే కరిచింది అని. సొంత ఊరి గోడల మీద పడగ విప్పిన బొమ్మ గీస్తారు, ఇంట్లో పిల్లలు బడికి పోవడం మానేస్తారు. నిన్న పార్టీ సమావేశంలో ఒక పెద్దాయన ఆ మాట అన్నప్పుడు అందరూ బల్లల వంక చూశారు. తటస్థం అంటే ఇక్కడ తాచుపాము. ఆమోదిస్తే అక్కడ, యసోథోన్ సంతలో, తాచుపాము. ఎవరి పాలు తాగిందో తేల్చుకోవాలి, రెండూ తాగింది కదా, అమ్మ కళ్ళు ఒక వైపు, కోప్ ఒక వైపు. ఒప్పుకుంటే ట్యాంకులు రావు అని థనిత్ అంటాడు. నిజమే, దారి మనమే తెరిచి, కుర్చీలు మనమే వేసి, మంత్రి పదవులు మనమే పంచి పెడితే ఇంక ట్యాంకులు వచ్చే శ్రమ ఎందుకు పడతాయి. ఆ మాట నిన్న సమావేశంలో అనాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా, అక్కడ కూడా వంతు ప్రకారం మాట్లాడించారు, ఆమె వంతు వచ్చేలోపు టీ ఇచ్చేశారు. కానీ భయం అబద్ధం కాదు. పాటలు మొదలైతే ఈసారి బస్సెక్కేది ఎవరి పిల్లలు? ఇంకో బున్‌లోమ్ ఇంటికి ఇంకో శవాన్ని తీసుకెళ్ళే శక్తి ఆమెకి లేదు. అందుకోసమైనా, ఆ పిల్లల కోసమైనా ఆమోదిస్తున్నానంటే తప్పేముంది, బున్‌లోమ్‌కి నిదానంగా కూర్చోబెట్టి చెబితే అర్థం చేసుకోదా, నీ కొడుకులాంటి వాళ్ళు బతకాలనే చేశానే చెల్లీ అని కాళ్ళు పట్టుకుంటే. అలా అనుకోగానే ఒంట్లోకి కాస్త వెచ్చదనం వచ్చింది. నా ఒక్క ఓటు మీద ఆధారపడి ఉంది, నేనేం చేయను అనుకుంది. ఆ అనుకోవడంలో ఎంత హాయి ఉందో, దాన్ని పట్టుకునే 'ల' దాటింది, 'వ' లో విరోట్ లేచి ఆమోదిస్తున్నానని చెప్పి వెనక్కి తిరిగి ఆమె వైపు తల వంచడం కూడా చూసింది.

'స' సగంలో ఉండగా చప్పట్లు మొదలయ్యాయి. ఏమయిందో మొదట అర్థం కాలేదు. ముందు వరసల వాళ్ళు లేచి నిలబడ్డారు, కాబోయే ప్రధాని చుట్టూ చేరి చేతులు పట్టుకుంటున్నారు, ఎవరో ఫొటోలు తీస్తున్నారు. కావలసిన ఓట్లు వచ్చేశాయి. వచ్చేశాయి అని పక్కాయన ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు, "ఇంక నిశ్చింత" అన్నాడు. మిగతా పేర్లు లాంఛనం కోసం చదువుతున్నారు, ఎవరూ వినడం లేదు. థనిత్ ఎక్కడున్నాడని చూసింది, ఫోన్ చెవిన పెట్టుకుని నవ్వుకుంటూ తలుపు దాటి బయటకి పోతున్నాడు. లెక్క ఆఖరి వాళ్ళ దగ్గర తేలుతుందన్నవాడు ఆఖరి వాళ్ళ కోసం ఆగలేదు. ఇప్పుడు ఆమె తటస్థం అంటే ఒక్క ట్యాంకు కదలదు, ఒక్క పిల్లవాడు బస్సెక్కడు, ప్రభుత్వం ఎటూ ఏర్పడిపోయింది. పార్టీ కాస్త కసురుకుంటుంది, మహా అయితే గెంటేస్తుంది, ఈ వయసులో గెంటేస్తే ఏమవుతుంది, ఇంటికి పోయి కోళ్ళు కాల్చుకోవచ్చు. నేనేం చేయను అన్న మాట ఇంక చెల్లదు. ఇంతసేపూ దేశం కోసం, ట్యాంకులు రాకూడదని, ఎవరి పిల్లల కోసమో అనుకున్న మాట ఇప్పుడు అచ్చంగా ఆమె సొంతం అయిపోయింది, ఒక్క బున్‌లోమ్‌కీ ఆమెకీ మధ్య మాట. ఇంత తేలికగా మాట నిలబెట్టుకునే అదృష్టం ఎవరికి దొరుకుతుంది. సంతలో ఈపాటికి అందరూ టీవీ వదిలేసి లేచిపోయి ఉంటారు, బున్‌లోమ్ మాత్రం లేవదు, ఆఖరి పేరు వినకుండా లేవదు. చెబుతాను చెల్లీ అనుకుంది.

హ, అట్టడుగు అక్షరం వచ్చేసింది. ఆమె పేరు చదివారు. మోకాళ్ళు పట్టుకుని లేచింది. మైకు మీద చిన్న ఎర్ర దీపం వెలిగింది. తటస్థం అన్న మాట నాలుక మీదే ఉంది, దాని బరువు కూడా తెలుస్తోంది. చుట్టూ నవ్వులు, భుజాలు తట్టుకోవడాలు, సొంత మనుషులు, ఇన్నేళ్ళు కలిసి ఏడ్చిన మనుషులు, ఒక్కరూ ఆమె వైపు చూడటం లేదు. ఇంతమంది ఒక వైపు నిలబడి ఉండగా ఒక్కతే ఇంకో వైపు నిలబడటం ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు, బతుకంతా బస్సు నిండా మనుషులతోనే వెళ్ళింది. నోరు తెరిచింది. ఆమోదిస్తున్నాను అని ఎవరో అన్నారు, ఆ గొంతు తనదే. అయిపోయింది. కూర్చోబోయింది, కానీ కార్యదర్శి చెయ్యెత్తి ఆపాడు. "క్షమించాలి, సభలో సందడి వల్ల గౌరవ సభ్యురాలి మాట వినపడలేదు. దయచేసి ఇంకొకసారి చెప్పండి" అన్నాడు. అధ్యక్షుడు గంట మోగించాడు. సభ సద్దుమణిగింది, తలలన్నీ వెనక్కి తిరిగాయి, విరోట్ కూడా తిరిగి చూశాడు, కెమెరా కూడా తిరిగింది. అక్కడ వినపడలేదంటే సంతలోనూ వినపడి ఉండదు. అన్న మాట ఇంకా ఎక్కడికీ చేరలేదు, అననట్టే లెక్క. బున్‌లోమ్ పొయ్యి దగ్గర నుంచి లేచి టీవీ ముందుకి వచ్చి గొంతు పెంచుతూ ఉంటుంది. హియాంగ్ ఉత్తరీయం సర్దుకుంది, పెదవులు తడుపుకుంది, మైకు దగ్గరికి వంగి, ఈసారి అందరికీ వినపడేలా, ఆమోదిస్తున్నానన్న ఆ మాటే మళ్ళీ చెప్పింది.